పోలయ్య మార్చిన తీగ

ఎడ్లపాడు పని తనవల్ల కాదని పోలయ్య మిల్లు గుమాస్తాకు రెండుసార్లు చెప్పి చూశాడు. మొదటిసారి నడుము పట్టేసిందన్నాడు. రెండోసారి కారణమేమీ తోచక, చేతిలో ఉన్న ఆకురాయిని గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాడు.

"పొగాకు ఆరబెట్టే బారెన్‌లో రేకు గొట్టాలు పొగ కక్కుతున్నయ్యంట. సీజను మధ్యలో ఉన్నారు వాళ్ళు. నరసరావుపేట మొత్తానికి ఆ పని నికరంగా చేసేవాడివి నువ్వే గదా," అన్నాడు గుమాస్తా. "పైగా వాళ్ళబ్బాయి నీ పేరు చెప్పి మరీ అడిగాడంట. సీమలో ఇద్దరూ ఒకచోటే ఉన్నారంటగా?"

"ఉన్నాం," అన్నాడు పోలయ్య.

"మరింకేంది? రేపు పొద్దున బస్సుకి పో."

అది 1949 ఫిబ్రవరి. పోలయ్య ఇంగ్లండు నుంచి తిరిగొచ్చి ఆర్నెల్లు కావస్తోంది. వచ్చిన దగ్గర్నుంచి ఎప్పుడు గుంటూరు వెళ్ళాల్సివచ్చినా రైల్లోనే వెళ్ళేవాడు. చిలకలూరిపేట మీదుగా పోయే బస్సు ఎడ్లపాడులో ఆగుతుంది. ఆ ఊళ్ళో నాగేశ్వరరావు ఉన్నాడు.

పోలయ్యది మాచర్ల పక్కన నాపరాళ్ళు తీసే కుటుంబం. తండ్రి నాగులు, తాత, అందరూ గునపం పట్టినవాళ్ళే. పోలయ్య ఒక్కడే ఎనిమిది దాకా చదివి, మాచర్ల రైలు షెడ్డులో ఇంజన్లు తుడిచే పనిలో చేరాడు. అక్కడి ఫిట్టరు ఒకాయన వాడి పనితనం చూసి ఆకురాయి పట్టడం నేర్పాడు. యుద్ధం వచ్చాక సర్కారుకు పనివాళ్ళు కావలసివచ్చారు. గుంటూరులో ట్రైనింగ్ ఇచ్చి, బాగా చేసినవాళ్ళను ఓడెక్కించి ఇంగ్లండు ఫ్యాక్టరీలకు పంపించారు. అలా పోలయ్య 1943లో సముద్రం దాటాడు. ట్రైనింగ్ అయిపోయాక తోటివాళ్ళంతా వెనక్కి వచ్చేశారు. సన్నపని చేయగలడని పేరుపడ్డ పోలయ్యను మాత్రం అక్కడి ఒక విశ్వవిద్యాలయం తన వర్క్‌షాపుకు అడిగి తీసుకుంది. వాళ్ళ పనివాళ్ళంతా యుద్ధంలో ఉన్నారు మరి.

నాగేశ్వరరావు ఆ విశ్వవిద్యాలయానికి యుద్ధం ముగిసిన ఏడాది చివర్లో వచ్చాడు. ఎడ్లపాడు మోతుబరి వెంకట్రామయ్యగారి కొడుకు. మద్రాసులో ఫిజిక్సు ఆనర్సు చదివి, సర్కారు స్కాలర్‌షిప్పు మీద పరిశోధనకు వచ్చాడు. ఏదో ఇత్తడి మరలు చేయించుకుందామని వర్క్‌షాపులోకి వచ్చినవాడు, లేతు మిషను దగ్గర నిలబడ్డ నల్లటి మనిషి "ఇదేంది ఇట్టా మొండికేసింది" అని గొణుక్కోవడం విని ఆగిపోయాడు.

"ఏ ఊరయ్యా మనది?" అన్నాడు.

పోలయ్య చేతిలో రెంచి జారిపోయింది. "మాచర్ల కాడండీ."

"మాది ఎడ్లపాడు."

ఎడ్లపాడులోనైతే పోలయ్య వాళ్ళ పంచలోకి కూడా వచ్చేవాడు కాదు. ఇక్కడ వారం తిరిగేసరికి ఇద్దరూ ఒకే గ్యాసుపొయ్యి మీద వండుకుని తిన్నారు. వంట పోలయ్యది. కారప్పొడి, చింతపండు ఎడ్లపాడు నుంచి పార్సిలు వచ్చేవి. తనని పేరు పెట్టి పిలవమన్నాడు నాగేశ్వరరావు. పోలయ్యకు నోరు రాలేదు. "బాబుగారూ" అనే పిలిచేవాడు. నాగేశ్వరరావు మాత్రం "ఒరే పోలయ్యా" అనేవాడు, సొంత తమ్ముణ్ణి పిలిచినట్టు.

తన పని ఏమిటో అతనే పోలయ్యకు చెప్పాడు. తీగలో కరెంటు పారేటప్పుడు ఎంతో కొంత అడ్డు తగులుతుంది. ఎంత బాగా కందెన పెట్టినా బండి ఇరుసు ఒరుసుకున్నట్టే ఇదీను. అయితే కొన్ని లోహాలను, మనిషి ఊహకందనంత చలిలోకి, హీలియం వాయువు నీళ్ళలా మారేంత చలిలోకి దించితే, ఒక చోట ఆ అడ్డు ఉన్నట్టుండి మొత్తం పోతుంది. తగ్గడం కాదు, లేకుండా పోతుంది. అతివాహకత్వం అంటారు దాన్ని. తగరం అలాంటి లోహమే. ఆ తగరాన్ని గట్టిగా నొక్కిపట్టి చల్లబరిస్తే, అడ్డు పోవడానికి ఇంకాస్త ఎక్కువ చలి కావాలని హాలండులో వాళ్ళు ముందే చూశారు.

"నేను చూసేది మిశ్రమ లోహం. తగరంలో ఇండియం కలుపుతాను. పేరు చూసి మనదనుకోవాక, మన దేశానికీ దానికీ ఏ సంబంధం లేదు. అట్టా కలిపినదాన్ని నొక్కితే ఏమవుద్ది? శుద్ధమైన తగరం లాగానే ఉంటదా, వేరే దారి పడుతుందా? అదే నా ప్రశ్న."

"అంత చలిలో ఎట్టా నొక్కుతారండీ?"

"మందమైన ఉక్కు పాత్రలో తీగ చుట్ట పెట్టి, నిండా నీళ్ళు పోసి, బిగించేసి చల్లబరుస్తాం. గడ్డకట్టేటప్పుడు నీళ్ళు ఉబ్బుతాయి. పోవడానికి చోటుండదు. అప్పుడు తీగను అన్ని వైపుల్నుంచీ నొక్కుతాయి."

పోలయ్య నవ్వాడు. "మా అయ్య బండ చీల్చేది ఇట్టాగే బాబుగారూ. వరసగా బెజ్జాలు కొట్టి, ఎండు చెక్కలు దిగ్గొట్టి, నీళ్ళు పోసి కూసుంటాడు. చెక్క ఉబ్బిద్ది. బండ దానంతటదే చీలిద్ది."

నాగేశ్వరరావుకు ఆ మాట ఎంత నచ్చిందంటే, మర్నాడు లాబొరేటరీలో అందరికీ చెప్పాడు. అప్పటినుంచి ఆ ఉక్కు పాత్ర, దానిలోకి తీగ చుట్టలు, అన్నీ పోలయ్య చేతనే చేయించుకున్నాడు. "నీ చేతిలో పడిందంటే నేను మళ్ళీ చూసుకునే పని లేదురా," అనేవాడు.

1947 చలికాలం ఆ దేశంలో చాలా ఘోరంగా నడిచింది. రైళ్ళు మంచులో కూరుకుపోయాయి. బొగ్గు లేక కరెంటు కోసేశారు. వర్క్‌షాపులో కొలిమి వెలిగించే వీల్లేదని నోటీసు పెట్టారు. హీలియం తయారుచేసే యంత్రం అతి కష్టం మీద నడిచేది. దాని కోసం పరిశోధకులంతా వంతులు వేసుకున్నారు. నాగేశ్వరరావు వంతు ఒక సోమవారం వచ్చింది. అది తప్పితే మళ్ళీ ఎప్పుడో తెలీదు.

రెండు తీగ చుట్టలు కావాలి. రెండూ ఒకే కడ్డీ నుంచి లాగిన తీగవి కావాలి. ఒకటి పాత్ర లోపల, ఒత్తిడిలో ఉంటుంది. రెండోది పాత్ర బయట, ఏ ఒత్తిడీ లేకుండా. రెండింటినీ ఒకేసారి చల్లబరిచి, అడ్డు పోవడంలో తేడా చూస్తే, ఆ తేడా ఒత్తిడిదే అవుతుంది. బయటి చుట్ట ముందే సిద్ధమైంది. లోపలి చుట్టను పోలయ్య శనివారం చుడుతున్నాడు. గదిలో నిప్పు లేదు. వేళ్ళు కొయ్యబారాయి. వెంట్రుక మందం తీగ చివరికొచ్చేసరికి పుటుక్కున తెగింది. ముడి వేయడానికి లేదు. అదే అదనన్నట్టు ఇంకో రెండుచోట్ల కూడా తెగింది.

ఆ కడ్డీ అయిపోయింది. తెగిన ముక్కలు కరిగించి మళ్ళీ పోద్దామంటే కొలిమి లేదు. నాగేశ్వరరావు హీలియం సంగతి మాట్లాడటానికి ప్రొఫెసరుగారి ఇంటికి వెళ్ళాడు. బల్ల సొరుగులో ఇంకో కడ్డీ ఉంది. అదీ తగరమూ ఇండియమే, కాకపోతే ఇండియం బాగా ఎక్కువ కలిపినది. తర్వాత చేయబోయే పరీక్ష కోసం నాగేశ్వరరావు దాన్ని పక్కన పెట్టుకున్నాడు. ఆ సంగతి పోలయ్యకు తెలుసు.

చాలాసేపు సొరుగు ముందు నిలబడ్డాడు. తీగ లేదని చెబితే సోమవారం వంతు పోతుంది. బాబుగారు ఆ వంతు కోసం ఎంతమందిని బతిమాలుకున్నాడో చూశాడు. తీరా తన చేతిలో తెగింది. రెండూ ఒకే రకం సరుకు గదా, పాళ్ళలో కాస్త తేడా, అంతలో ఏమవుద్ది అనుకున్నాడు. సోమవారం పొద్దున్నే చెప్పేద్దామనుకున్నాడు. రెండో కడ్డీ నుంచి తీగ లాగి, చుట్ట చుట్టి, పాత్రలో పెట్టాడు.

సోమవారం వచ్చేసరికి యంత్రం అప్పటికే దడదడలాడుతోంది. నాగేశ్వరరావు గడ్డం గీసుకోలేదు, ఏమీ తినలేదు. "నీళ్ళు పోశావా? బిగించావా?" అంటూ పరుగుమీద ఉన్నాడు. చుట్టూ నలుగురు ఉన్నారు. అయిపోయాక చెబుదామనుకున్నాడు పోలయ్య.

గాల్వనోమీటరు అద్దం నుంచి ఒక వెలుగు చుక్క గోడ మీది స్కేలు మీద పడుతుంది. అడ్డు పోగానే ఆ చుక్క సున్నాకు జారుతుంది. రెండు చుట్టలకు రెండు చుక్కలు. శుద్ధమైన తగరం లాగానే అయితే లోపలి చుట్ట చుక్క ఆలస్యంగా జారాలి. అది ముందు జారింది. బయటిది ఇంకా కదలనైనా కదల్లేదు.

నాగేశ్వరరావు పోలయ్య భుజం పట్టుకున్నాడు. గట్టిగా అరవలేదు. "చూశావంట్రా? నొక్కితే ముందే పోయింది. మిశ్రమం తగరానికి ఎదురు తిరిగిందిరా," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

ఒకే కడ్డీ ఎందుకు కావాలో పోలయ్యకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. అయినా తీగ సంగతి చెప్పలేదు.

మర్నాడు ప్రొఫెసరుగారు వచ్చి, లోపలి చుట్టను ఒత్తిడి లేకుండా కూడా ఒకసారి కొలిచి చూడమన్నాడు. హీలియం అయిపోయింది, వచ్చే వంతులో చూస్తానన్నాడు నాగేశ్వరరావు. పాత్ర విప్పింది పోలయ్య. చుట్ట చెక్కు చెదరలేదు. దాన్ని అట్టే పెట్టి ఉంచితే వచ్చే వంతులో కొలుస్తారు, సంగతి బయటపడుతుంది. పోలయ్య దాన్ని పట్టకారుతో నలిపి, తుక్కు డబ్బాలో పడేశాడు.

"తీసేటప్పుడు తెగిపోయింది బాబుగారూ," అన్నాడు.

"పోన్లేరా. ఇంకోటి చుడదాం."

శనివారం చేసిన పనికి పోలయ్య తనకు తాను ఏదో ఒక సమాధానం చెప్పుకోగలిగేవాడు. మంగళవారం చేసిన పనికి ఏ సమాధానమూ దొరకలేదు.

ఆ తర్వాత జరిగినదంతా వాడి కళ్ళముందే జరిగింది. నాగేశ్వరరావు ఆ ఫలితాన్ని సెమినారులో చదివాడు. బయటి ఊళ్ళ నుంచి కూడా పెద్దలు వచ్చారు. వెనక తలుపు పక్కన నిలబడి, స్లయిడ్లు మార్చింది పోలయ్యే. పత్రికలో చిన్న వ్యాసం అచ్చయింది. ఆ ఏడు చివరికొచ్చేసరికి వేరే చోటి వాళ్ళు తమకు అలాంటిదేమీ కనిపించలేదని రాశారు. నాగేశ్వరరావు మళ్ళీ చేశాడు. ఈసారి పోలయ్య రెండు చుట్టలూ ఒకే కడ్డీ నుంచి, ప్రాణం పెట్టి చుట్టాడు. లోపలి చుక్క ఆలస్యంగానే జారింది, మామూలు తగరంలాగే. ఎన్నిసార్లు చేసినా అంతే.

ఎవరూ నాగేశ్వరరావును అబద్ధాలకోరన్నది లేదు. మనిషి తాను చూడాలనుకున్నదే చూస్తాడని ప్రొఫెసరుగారు మెత్తగా అన్నాడంతే. తోటివాళ్ళు టీ బల్ల దగ్గర అతను రాగానే మాట మార్చేవాళ్ళు. స్కాలర్‌షిప్పు పొడిగించలేదు. డిగ్రీ లేకుండా 1948 వేసవిలో ఓడెక్కాడు. రేవు దాకా పెట్టె మోసుకెళ్ళింది పోలయ్య.

"నీ పనిలో లోపం లేదురా," అన్నాడు నాగేశ్వరరావు అక్కడ. "లోపం నా కళ్ళలోనే ఉంది."

పోలయ్య పెట్టె దించి, తాడు ముడి సరిచేస్తూ వంగి ఉండిపోయాడు. ఓడ కదిలేదాకా ముఖం ఎత్తలేదు. రెండు నెలలకు యుద్ధం నుంచి వచ్చినవాళ్ళకు పని ఇవ్వాలని పోలయ్యను కూడా పంపించేశారు. అలా ఊరొచ్చి, నరసరావుపేట మిల్లులో ఫిట్టరుగా చేరాడు.

ఎడ్లపాడులో బస్సు దిగేసరికి నాగేశ్వరరావు రోడ్డు దాకా ఎదురొచ్చాడు. మనిషి సన్నబడ్డాడు. పంచె కట్టు, పొగాకు జిడ్డుతో నల్లబడ్డ వేళ్ళు.

"ఒరే పోలయ్యా, ఆర్నెల్లయిందంటగా వచ్చి. ఒక్కసారి కనపడొద్దంట్రా?"

"పనిలో పడిపోయా బాబుగారూ."

ఇంటి దగ్గర నాగేశ్వరరావు తల్లి సరస్వతమ్మ వసారాలో విస్తరి వేయించింది. దగ్గర కూర్చుని వడ్డన చేయించింది. "సీమలో మా వాడికి నువ్వే వండిపెట్టావంట నాయనా. నువ్వు లేకపోతే వీడు అక్కడ పస్తులుండేవాడు. తిను, మొగమాటపడవాక."

పోలయ్య కలిపిన ముద్దనే మళ్ళీ కలుపుతున్నాడు. ఆమె గొంతు తగ్గించి చెప్పుకుపోయింది.

"వచ్చిన కాణ్ణించి మనిషి మనిషిలా లేడు. గుంటూరు కాలేజీలో పాఠాలు చెప్పమని రెండుమాట్లు కబురుపెట్టారు. పోడు. పిల్లకాయలకి తప్పు చెప్తానేమో అంటాడు. మొన్న నాకు జొరమొస్తే థర్మామీటరు పెట్టి చూశాడు, చూసి మళ్ళా కాంపౌండరు దగ్గరకి పరిగెత్తాడు, ఆయన్ని చూడమని. పోయిన వారం ఒక బారెన్ ఆకు మొత్తం మాడిపోయింది. వేడి ఎక్కువయిందని వీడికి కనపడతానే ఉందంట. తను సరిగ్గా చూశానో లేదోనని మంటేసేవాణ్ణి అడిగాడు. వాడు ఇంకా వెయ్యాలన్నాడు. వాళ్ళ నాన్న అందరి ముందరా నానా మాటలూ అన్నాడు. అక్కడ ఏం జరిగింది నాయనా? నీకేమన్నా తెలుసా?"

"నాకేం తెలుసండీ అమ్మగారూ," అన్నాడు పోలయ్య. ఆ మాట తన నోటినుంచి అంత తేలిగ్గా రావడం విని వాడికే భయమేసింది.

మాడిన బారెన్ ఖాళీ చేసి ఉంది. పోలయ్య లోపల కూర్చుని చిల్లులు పడ్డ గొట్టాలు విప్పాడు. పక్క బారెన్‌లో కొత్త ఆకు ఎండుతోంది. సాయంత్రం నాగేశ్వరరావు వచ్చి పిలిచాడు. బారెన్ తలుపుకు చిన్న అద్దం బిగించి ఉంది. దాని వెనక థర్మామీటరు వేలాడుతోంది. అతను అద్దం దగ్గర ముఖం పెట్టి చూశాడు. తల తిప్పి మళ్ళీ చూశాడు. పక్కకు జరిగాడు.

"నువ్వు చూసి చెప్పు, ఎంతుందో."

పోలయ్య వంగి చూశాడు. "నూట ఇరవై, బాబుగారూ."

"నాకూ అంతే కనపడింది." నాగేశ్వరరావు హాయిగా ఊపిరి వదిలాడు. "నువ్వు చెప్పావు, ఇంక ఫరవాలేదు. నా కళ్ళని నమ్ముకోవడం మానేశాన్రా. అవి ఒకసారి మోసం చేశాయి."

ఇలాంటి రోజు వస్తుందని పోలయ్య అనుకోలేదు. చదువు పోయింది, పేరు పోయింది, అంతటితో సరి అనుకున్నాడు. రేవులో అతనన్న ఆ మాట ఇన్నాళ్ళ నుంచీ రోజూ ఇలా పట్టుకుని పీడిస్తుందని తెలీదు. ఎదురుగా ఉన్న పాదరసం గీతను కూడా ఇంకొకరు చూసి చెబితే తప్ప నమ్మలేని స్థితికి ఆ మనిషిని తెచ్చింది తనే.

మర్నాడు పొద్దున్నే గొట్టాల పని మొదలుపెట్టలేదు. నాగేశ్వరరావు పొగాకు కట్టే కర్రలు లెక్కపెట్టిస్తుంటే వెళ్ళి, పక్కకు రమ్మన్నాడు. ఇద్దరూ ఖాళీ బారెన్ లోపలికి వెళ్ళారు.

"ఆ తీగ నేను మార్చాను బాబుగారూ."

"ఏ తీగ?"

"ఆ చలికాలంలో, పాత్రలో పెట్టిన తీగ. మీరిచ్చిన కడ్డీది శనివారం చుడతా ఉంటే తెగిపోయింది. సొరుగులో ఉన్న రెండో కడ్డీ నుంచి లాగి పెట్టాను. మీకు చెప్పలేదు."

నాగేశ్వరరావు అడిగిన మాట పోలయ్య ఎదురుచూసింది కాదు.

"ఇండియం ఎక్కువ వేసింది? ఎర్ర దారం కట్టినది?"

"అదేనండీ."

అతను నేల మీద కూలబడ్డాడు. ఒక పుల్ల తీసుకుని మట్టిలో ఏవో అంకెలు వేశాడు, చెరిపాడు, మళ్ళీ వేశాడు. పెదవులు కదులుతున్నాయి. "ఇండియం అంత ఉంటే ఒత్తిడి లేకపోయినా అది ముందే జారాలి," అన్నాడు తనలో తాను. "ఒత్తిడి కాస్త వెనక్కి లాగుద్ది. అయినా ముందే. నేను చూసిన తేడా అంతే ఉండాలి. అంతే ఉంది." పుల్ల పడేశాడు. "నేను సరిగ్గానే చూశాను."

ముఖం ఒక్క క్షణం పసిపిల్లవాడి ముఖంలా విప్పారింది. అది చూసి పోలయ్యకు ఏడుపొచ్చింది. అంతలోనే ఆ ముఖం మారిపోయింది.

"నీకెప్పుడు తెలిసింది, దానివల్లే ఇదంతా అని?"

"చుక్క జారినప్పుడే."

"అప్పుడే తెలుసు. మరి ఆ చుట్ట? తెగిపోయిందన్నావు."

"తెగలేదు. నేనే నలిపి పారేశాను."

నాగేశ్వరరావు లేచి నిలబడ్డాడు. కొడతాడనుకున్నాడు పోలయ్య. కొడితే బాగుండుననుకున్నాడు.

"నేను సెమినారులో నిలబడి చెబుతుంటే నువ్వు స్లయిడ్లు తిప్పావు. ఆ తర్వాత అన్నిసార్లు మళ్ళీ చేశాం. ప్రతిసారీ తీగ నువ్వే చుట్టావు. రేవులో నా పెట్టె మోశావు. రెండేళ్ళురా. నాతో కలిసి ఎన్నిసార్లు అన్నం తిని ఉంటావు?"

"తప్పయిపోయింది బాబుగారూ. ప్రొఫెసరుగారికి నేను రాస్తాను, నా పేరుతోటే రాస్తాను. ఏ శిక్ష వేసినా..."

"నోరు మూసుకో."

వాకిట్లో సరస్వతమ్మ గొంతు వినిపించింది. మజ్జిగ పంపిస్తున్నా, పోలయ్య తాగుతాడా అని అడుగుతోంది. నాగేశ్వరరావు తండ్రి కూడా అక్కడే ఉన్నాడు. ఒక్క మాట గట్టిగా అంటే చాలు, పోలయ్య ఆ ఊరు దాటి కాళ్ళతో నడిచి వెళ్ళేవాడు కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"తాగుతాడులేమ్మా," అన్నాడు నాగేశ్వరరావు బయటికి వినపడేలా. తర్వాత నెమ్మదిగా, "గొట్టాలు పూర్తిచేసి వెళ్ళు. మళ్ళీ నేను పిలిచేదాకా రావద్దు," అని బయటికి వెళ్ళిపోయాడు.

పోలయ్య మధ్యాహ్నానికి గొట్టాలు బిగించాడు. మజ్జిగ ముట్టలేదు.

నరసరావుపేట వచ్చాక చాలా రోజులు మిల్లు గేటు వైపే చూస్తూ పనిచేశాడు. ఎడ్లపాడు బండి ఏది వచ్చినా సుత్తి కింద పెట్టి నిలబడేవాడు. ఎవరూ రాలేదు. చివరికి ఒకరోజు అన్నం తింటూ భార్య ఎల్లమ్మకు జరిగినదంతా చెప్పాడు. ఎల్లమ్మ రాళ్ళ గనిలో పుట్టి పెరిగిన మనిషి. తగరమో ఇండియమో ఆమెకు పట్టలేదు.

"అయితే ఆ బాబు ఎవురికీ చెప్పలేదన్నమాట," అంది.

"చెప్పలేదు."

"చెప్తే ఏం చేసేవాళ్ళో నీకు తెలుసుగా. మంచోడు. ఇంక నిమ్మళంగా పడుకో."

"అదేనే నా బాధ. అప్పుడు నేను నా కోసం దాచాను. ఇప్పుడు ఆయన కూడా నా కోసమే దాచాడు."

ఎల్లమ్మ వాడి విస్తట్లో ఇంకాస్త అన్నం వేసింది.

జూన్‌లో నాగేశ్వరరావు గుంటూరు కాలేజీలో చేరాడని మిల్లు గుమాస్తా చెప్పాడు. వానలు వెనకబట్టాక కబురొచ్చింది. కాలేజీ లాబొరేటరీకి కొన్ని పరికరాలు కావాలి, ఆదివారం పూట వచ్చి చేసిపెట్టగలడేమో అడగమన్నాడట. పోలయ్య ఆ ఆదివారమే రైలెక్కాడు.

నాగేశ్వరరావు కొంచెం ఒళ్ళు చేశాడు. బోర్డు మీద ఎవరికో చెప్పిన పాఠం తాలూకు బొమ్మలున్నాయి. చొక్కా చేతుల మీద సుద్ద. పనేమిటో చెప్పాడు, కొలతలు చెప్పాడు. "ఒరే" అనలేదు. ఇంక ఎప్పుడూ అనలేదు. "పోలయ్యా" అన్నాడు, కాలేజీ బంట్రోతును పిలిచినట్టే.

"ప్రొఫెసరుగారికి రాశాను," అన్నాడు మధ్యలో, కాగితం మీదనుంచి తలెత్తకుండా. "నమూనా మారిపోయిందని రాశాను. నీ పేరు రాయలేదు."

"రాయాల్సింది బాబుగారూ."

"తీగ మార్చింది నువ్వు. లోపలి చుట్టను ఒత్తిడి లేకుండా కొలవకుండానే సెమినారుకు పరిగెత్తింది నేను. ఆయన చెప్పినా ఆగలేదు. అది కూడా రాశాను."

"ఏమన్నారండీ?"

"అందరూ వేరే పనుల్లో ఉన్నారట. ఒంట్లో ఎలా ఉందని అడిగాడు. అంతే." కాగితం తిప్పి మళ్ళీ అన్నాడు. "అక్కడ ఎవరికీ గుర్తే లేదనుకుంటా."

అప్పటినుంచి పోలయ్య నెలలో ఒకటి రెండు ఆదివారాలు గుంటూరు వెళ్ళేవాడు. చేసిన ప్రతి ముక్కనూ నాగేశ్వరరావు వాడి ఎదురుగానే మైక్రోమీటరుతో కొలిచేవాడు. ఒక్కసారే చూసి అంకె చెప్పేవాడు. ఏ లోహమో గీకి చూసేవాడు, తూచేవాడు. ఒకసారి పక్కన కుర్ర లెక్చరరు ఒకాయన ఉండి, "పోలయ్య పని కూడా ఇంతగా చూడాలా మాస్టారూ?" అని నవ్వితే, "చూడాలి," అన్నాడు ముక్తసరిగా. పోలయ్య చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆ అనుమానం ఇన్నాళ్ళూ ఉండకూడని చోట ఉంది. ఇప్పుడు ఉండాల్సిన చోటికి వచ్చింది. అలా అనుకున్నంత మాత్రాన బరువేమీ తగ్గలేదు.

డిసెంబరులో ఒక ఆదివారం, అడగకముందే పోలయ్య ఒక ఇత్తడి పళ్ళెం తీసి బల్ల మీద పెట్టాడు.

"దీని అంచు బిగించేటప్పుడు నా చేతిలోనే చిట్లింది బాబుగారూ. పూత వేస్తే కనపడదు. కానీ చిట్లింది. ఇంకోటి చేసుకొస్తాను."

నాగేశ్వరరావు పళ్ళేన్ని వెలుగులో పెట్టి చూశాడు. ఆ పగులు కనిపించిందో లేదో తెలీదు. చాలాసేపు చూశాడు.

"చేసుకురా," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే ఎల్లమ్మ అడిగింది, ఆ బాబు ఇప్పుడన్నా నవ్వుతా మాట్లాడాడా అని.

"లేదు."

"మరెందుకయ్యా అంత దూరం పోతావు, వారం పొడుగూతా చాకిరీ చేసొచ్చి?"

పోలయ్య తుండుతో ముఖం తుడుచుకున్నాడు. తనకు కూడా సరిగ్గా తెలీదు. "పిలిచినందుకు," అన్నాడు చివరికి. "పిలుస్తున్నన్నాళ్ళూ పోతాను."